కౌంటర్ మీదికి వచ్చిన మాటలు

ఆ ఇనుప సామాన్ల దుకాణంలో మూడువేల ఎనిమిది వందల రకాల వస్తువులున్నాయి. వాటిలో పది పేర్లు కూడా తెలియని జనం ఊరినిండా ఉన్నారు. ఈ వస్తువులకీ ఆ జనానికీ మధ్య నలభై ఒక్క ఏళ్ళుగా కౌంటర్ వెనక నిలబడి ఉన్న మనిషిని అందరూ బాబాయ్ అంటారు. దుకాణం యజమానికి ఆయన నిజంగానే బాబాయ్, తండ్రికి స్వయానా తమ్ముడు. మిగతా ఊరికి మాటవరసకి.

బాబాయ్ పదో తరగతి గట్టెక్కలేదు. అయినా మాటకీ అర్థానికీ సంబంధం ఏమిటని మహామహులు పుస్తకాలు తిరగేస్తున్న కాలంలో, ఆయన సొరుగులు తిరగేసి ఆ సంబంధాన్ని కాగితంలో చుట్టి చేతికిచ్చేవాడు.

"బాబాయ్, అది ఉందా? కింద గుండ్రంగా ఉంటుంది, పైనేమో ఇలా ఉంటుంది," అంటూ గళ్ళచొక్కా ఆయన గాల్లో చెయ్యి తిప్పుతాడు.

"కారుతోందా, ఊగుతోందా?"

"కారుతోంది."

"ఊరికే బొట్లు బొట్లుగానా, తిప్పినప్పుడా?"

"తిప్పినప్పుడు, మెడ దగ్గర."

బాబాయ్ వెనక్కి తిరిగి చూడకుండానే మూడో వరసలో ఐదో సొరుగు లాగి, గోరంత వాషర్ ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టేవాడు. గళ్ళచొక్కా ఆయన దాన్ని చూసి, తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు, "ఇదే! ఇదే నేను చెప్పింది!" అనేవాడు. చెప్పిందేమీ లేదని బాబాయ్ ఎప్పుడూ ఎత్తిచూపలేదు. వ్యాపారంలో మర్యాదంటే అదే.

ఇంకో రోజు ఒకావిడ వచ్చి, "మా తలుపు వేస్తే తెరుచుకుంటోంది, తెరిస్తే మూసుకుంటోంది. దానికేదో పెడతారట కదా, ఇవ్వండి," అంది.

"దానికి వడ్రంగిని పెడతారమ్మా. ఆయన వచ్చేదాకా ఈ కొక్కెం పెట్టుకోండి."

ఇలా సాగుతున్న సంసారంలో అన్నకొడుకు కంప్యూటర్ తెచ్చి పెట్టాడు. ఆయన వయసు నలభై రెండు, చదివింది కామర్స్, నమ్మేది తెర మీద కనబడేదాన్ని. కంప్యూటర్‌కి మూడువేల ఎనిమిది వందల పేర్లూ వచ్చు, ఏది ఏ సొరుగులో ఎన్ని ఉన్నాయో కూడా వచ్చు. ఒక్కటే చిక్కు. దానికి పేరు చెప్పాలి. పేరు తెలిసినవాడు ఆ దుకాణానికి వచ్చి ఎన్నాళ్ళయిందో కంప్యూటర్‌కి ఎవరూ చెప్పలేదు.

అసలు గొడవ మేస్త్రీ వచ్చిన రోజు మొదలైంది. కొత్తిల్లు కడుతున్నాడు, తలుపులకి సామాను కావాలి. బాబాయ్ చెయ్యి సరైన సొరుగు మీదే పడింది. నోరు మాత్రం, "ఎన్ని జతలు కావాలి, ఆ... తలుపుకీ చట్రానికీ మధ్య... ఇవి?" అని ఆగిపోయింది. మడతబందులు. రోజుకి పదిసార్లు అనే మాట.

"ఏంటి బాబాయ్, మీరూ మాలో కలిసిపోయారా!" అని మేస్త్రీ పగలబడి నవ్వాడు. 

అన్నకొడుకు నవ్వలేదు. ఆయన అప్పటికే ఫోన్లో 'పెద్దల్లో మతిమరుపు: పది ప్రమాద సంకేతాలు' అనే వ్యాసం చదివి ఉన్నాడు. అటువంటి వ్యాసం చదివాక ఇంట్లో పెద్దవాళ్ళు తుమ్మినా అది పదకొండో సంకేతమే. ఆ వారంలో మడతబందు ఇంకోసారి జారిపోయింది. సాయంత్రం షట్టర్ సగం దించి మాట ఎత్తాడు.

"బాబాయ్, అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి నీకు. ఇంక చాల్లే. ఇంటిపట్టున ఉండి పిన్నితో కబుర్లు చెప్పుకో."

"మీ పిన్నికి నేను కబుర్లు చెప్పడమా? సందు దొరికితేగా!"

"వేళాకోళం కాదు. రేపెవరికో ఒకటి అడిగితే ఒకటి ఇస్తావు."

"ఇచ్చానా ఎప్పుడన్నా?"

"ఇవ్వలేదు. ఇస్తావేమోనని."

"కౌంటర్ దిగితే నేనెక్కేది మంచమేరా," అన్నాడు బాబాయ్. "అదెక్కాక మళ్ళీ దిగడం ఉండదు."

ఆ మాట ఆయన బెదిరించడానికి అనలేదు. ఆయన అన్నగారు దుకాణం మానేసి ఇంట్లో కూర్చున్న ఏడాదికే పోయాడు. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరూ కలిసి షట్టర్ మిగతా సగం దించారు.

సరిగ్గా ఆ వారమే శాస్త్రం దుకాణంలో అడుగుపెట్టింది. మెడలో గుర్తింపు కార్డు, భుజాన సంచీ, ముఖాన నిద్రలేమి. యూనివర్సిటీలో మనస్తత్వశాస్త్రం పరిశోధకురాలు. వయసు పెరిగేకొద్దీ మనసులో మాటల అర్థాలు ఏమవుతాయి, కొత్త మాటలు ఎక్కుతాయా లేదా అన్నది ఆమె పరిశోధన.

"అంకుల్, బోర్డు జారిపోతోంది, వెనక గోడకి పెట్టే... అదీ..."

"గోడ ఇటుకదా, చెక్కదా?"

"ఇటుకది."

బాబాయ్ ఇచ్చేశాడు. మాటల మీద డాక్టరేటు చేస్తున్న మనిషికి మాట దొరకలేదన్న సంగతి గమనించాడు గానీ, పైన చెప్పిన మర్యాద అడ్డొచ్చింది. ఆమె మాత్రం ఆయన్ని ఆశ్చర్యంగా చూసి, "అంకుల్, మా పరిశోధనకి మీలాంటివాళ్ళే కావాలి. వస్తారా?" అంది.

బాబాయ్ నోరు తెరిచేలోపు అన్నకొడుకు అందుకున్నాడు. "తప్పకుండా వస్తాడమ్మా. ఏమిటి బాబాయ్, శాస్త్రం ఏం చెబితే అది. బుర్ర బాగుందంటే నీ కౌంటర్ జోలికి నేను రాను. బాగాలేదంటే నువ్వే మర్యాదగా దిగాలి. సరేనా?"

"సరే," అన్నాడు బాబాయ్. నలభై ఒక్క ఏళ్ళ ఉద్యోగానికి అదే మొదటి ఇంటర్వ్యూ.

యూనివర్సిటీలో ఆ గదికి కిటికీ లేదు, గోడకి గడియారం లేదు. మనసు చెదరకుండా ఉండాలని అలా కట్టారట. బల్ల మీద కంప్యూటరు, పక్కన ఒక మీట. మొదట అర్థాలు అడిగారు. కష్టమైన మాట తెర మీద పడితే నాలుగు అర్థాల్లో సరైనది ఎంచాలి. బాబాయ్ ఎంచుకుంటూ పోయాడు. తర్వాత అసలు పరీక్ష. పరిశోధకురాలు ఒక మాట అంటుంది, వినగానే తోచిన మొదటి మాట చెప్పాలి. ఆలోచించకూడదు.

"గొళ్ళెం," అంది ఆమె.

"ఎన్ని అంగుళాలు?"

"అలా కాదంకుల్, ఏది తోస్తే అది చెప్పండి."

"తోచింది అదేనమ్మా."

"సరే. మేకు."

"తలున్నదా, లేనిదా?"

"అంకుల్!"

"చెక్కకా, గోడకా అనైనా చెప్పు తల్లీ, ఊరికే మేకు అంటే ఎవరికైనా ఏం తోస్తుంది?"

అందరికీ 'సుత్తి' తోస్తుంది. గొళ్ళెం అంటే 'తలుపు' తోస్తుంది. నాలుగువందల మంది డిగ్రీ విద్యార్థులని అడిగి పట్టిక తయారుచేశారు. మనిషి సహజమైన వయసు ఇరవై అని శాస్త్రం తీర్మానించింది, ఎందుకంటే యూనివర్సిటీలో ఉచితంగా దొరికే మనుషుల వయసు అదే. జీవితంలో ఒక్క గొళ్ళెం కూడా బిగించని ఆ నాలుగువందల మంది గొళ్ళెం అర్థాన్ని నిర్ణయించేశారు. లక్ష గొళ్ళేలు అమ్మినవాడి జవాబు ఆ పట్టికలో లేదు కాబట్టి దాని పక్కన 'అసాధారణం' అని పడింది.

తర్వాత కొత్త మాటలు నేర్చుకునే పరీక్ష. తెర మీద లోకంలో లేని వస్తువు బొమ్మ, కింద ఏ భాషలోనూ లేని పేరు. 'తిబుక', 'లొరిమ', 'గెపటు' లాంటివి ఇరవై.

"ఈ తిబుక దేనికి పనికొస్తుందమ్మా?"

"దేనికీ పనికిరాదంకుల్. ఊరికే బొమ్మ."

"పనికిరానిదానికి పేరెందుకు?"

ఈ ప్రశ్నకి ఆమె సిద్ధాంత వ్యాసంలో జవాబు ఉండాలి. ఆ పూటకి లేదు. బాబాయ్ తిబుకని మనసులో పైపు మూతగా ఖాయం చేసుకున్నాడు, లొరిమని ఒక రకం పట్టకారుగా. అలా ఏదో ఒక పనికి కుదిరిన పన్నెండు గుర్తున్నాయి, ఏ పనికీ కుదరని ఎనిమిది ఎగిరిపోయాయి.

చివరికి ఒక నోటుపుస్తకం ఇచ్చింది. రెండు వారాలు రాయాలి. నాలుక చివరే ఉండి మాట బయటికి రాకుండా ఆగిపోయిన ప్రతిసారీ ఒక పంక్తి. పేజీకి నాలుగు గళ్ళు గీసి ఉన్నాయి: ఎప్పుడు, ఏమన్నారు, అనాల్సింది ఏమిటి, ఎంతసేపటికి దొరికింది.

"మాట ఆగిపోయిన ప్రతిసారీ రాయండంకుల్. ఒక్కటీ వదలకండి."

ఎవరిది ఆగిపోయింది అనే గడి ఆ పుస్తకంలో లేదు. ఆ విషయంలో ఆమెకి అనుమానమే రాలేదు కాబట్టి గియ్యలేదు. బాబాయ్‌కీ రాలేదు. ఆయన దుకాణం పుట్టినప్పుడు అన్నగారు పెట్టిన శాసనం ఒకటుంది: కౌంటర్ మీదికి ఏది వచ్చినా పుస్తకంలోకి ఎక్కాలి, ఎవరిదన్నది మనకనవసరం. అలా 'అడిగినవి' అని ఒక పుస్తకం ఇప్పటికీ నడుస్తోంది. దుకాణంలో లేనిది ఎవరడిగినా అందులో రాస్తారు, పేరు రాయరు. బాబాయ్ చెవి మీది పెన్సిల్‌కి వేరే పద్ధతి తెలియదు.

కాబట్టి ఆ రెండు వారాలూ కౌంటర్‌కి అటువైపు ఆగిన మాటా రాశాడు, ఇటువైపు ఆగిన మాటా రాశాడు. గళ్ళచొక్కా ఆయనది రాశాడు, వేస్తే తెరుచుకునే తలుపావిడది రాశాడు, కంప్యూటర్ ముందు కూర్చుని "బాబాయ్, ఆ పసుపు డబ్బాలోది, అదేంటది" అన్న అన్నకొడుకుదీ రాశాడు. తనదీ రాశాడు. నిజాయితీపరుడు. జనం ఎక్కువైనప్పుడు మాత్రం, "కాస్త ఆగండమ్మా, ముందు మీరన్నది రాసుకోనివ్వండి," అని ఆపేవాడు. ఇంత శ్రద్ధగా తమ మాట ఎవరూ వినలేదని ఇద్దరు ముగ్గురికి కళ్ళు చెమర్చాయి కూడా.

రెండు వారాలయ్యేసరికి రెండువందల పద్నాలుగు పంక్తులయ్యాయి.

ఆ పరిశోధనలో అప్పటిదాకా చేరిన పెద్దలు తలా ఏడెనిమిది రాశారు. రెండువందల పద్నాలుగు చూసి పరిశోధకురాలు రెండోసారి లెక్కపెట్టింది. ప్రొఫెసర్ దగ్గరికి పరిగెత్తింది. లోపల ఏం రాసి ఉందో చదువుదామా అని ఆమె అడిగింది గానీ, వివరాలు తర్వాత, ముందు సంఖ్య అన్నాడాయన. పెద్ద శాస్త్రవేత్తలకీ చిన్న శాస్త్రవేత్తలకీ తేడా అక్కడే తెలుస్తుంది. చిన్నవాళ్ళకి ఇంకా చదవాలనిపిస్తుంది.

మర్నాడు ఆమె నివేదిక పట్టుకుని దుకాణానికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అంకుల్, రోగం ఏదో చెప్పే అర్హత నాకు లేదు. కానీ ఈ సంఖ్య... ఒకసారి డాక్టర్‌ని కలిస్తే మంచిది."

"ఎంతమ్మా?" అన్నాడు అన్నకొడుకు.

"రెండువందల పద్నాలుగు."

అన్నకొడుకు ఆ నివేదిక మొదటి పేజీ చదివాడు. గెలిచినట్టు లేదు ఆయన ముఖం. బాబాయ్ కూడా చదివాడు. అచ్చయిన కాగితం అబద్ధం చెప్పదని నమ్మే తరం ఆయనది. రాసింది తానే, అందులో ఏముందో తెలిసిందీ తనకే, అయినా కిందున్న సంతకాలూ గుండ్రటి ముద్రా చూసేసరికి తన పెన్సిల్ మీద తనకే నమ్మకం పోయింది. పెన్సిల్ చెవి మీంచి తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"మాటంటే మాటేగా," అన్నాడు. దిగి ఇంటికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో పిన్ని ఈ వార్తని ధైర్యంగా స్వీకరించింది. 

"రెండు వారాల్లో రెండువందల పద్నాలుగా? నాకు ముందే తెలుసు. పెళ్ళయిన కొత్తలో నా పేరు పెట్టి పిలవకుండా 'ఏమేవ్' అన్న రోజునే అనుకున్నాను, ఈయనకి మాట తట్టడం లేదని. నలభై మూడేళ్ళ నాటి జబ్బు ఇది."

బాబాయ్ నవ్వలేదు. అది చూసి ఆవిడా ఆపేసింది. మొదటి రోజు ఆయన కుర్చీలో కూర్చున్నాడు. రెండో రోజు ఇంట్లో ఉన్న మరలన్నీ బిగించాడు. మూడో రోజు బిగించడానికి ఏమీ లేక మంచం ఎక్కాడు, పట్టపగలు పదకొండింటికి. నలభై మూడేళ్ళలో ఆ వేళప్పుడు మంచం మీద ఆయన్ని ఆవిడ జ్వరంలో తప్ప చూడలేదు. కాఫీ తీసుకెళ్తే గోడవైపు తిరిగి, "అక్కడ పెట్టు, ఆ... దాని మీద," అన్నాడు.

"స్టూలండీ అది. స్టూలు," అంది పిన్ని. గ్లాసు దాని మీద పెట్టింది.

నాలుగో రోజు ఆవిడ అసలు ఆయన ఏమేం మరిచిపోయాడో చూద్దామని పరిశోధకురాలు తిరిగిచ్చిన నోటుపుస్తకం తెరిచింది. డాక్టర్‌కి చెప్పాలి కదా. కళ్ళజోడు పెట్టుకుని మంచం పక్కనే కూర్చుని చదవడం మొదలుపెట్టింది. రెండో పేజీలో ఆగిపోయింది.

"ఏమండీ."

"ఊఁ."

"'పైన గుండ్రంగా ఉంటుంది, మా ఆవిడ తెచ్చేదాకా ఇంట్లోకి రానివ్వనంది' అని రాశారు. నేనెప్పుడన్నానండీ ఆ మాట?"

"నువ్వనలేదు."

"మరే ఆవిడండీ?"

బాబాయ్ గోడవైపు నుంచి ఇటు తిరిగాడు. పిన్ని ఇంకో పేజీ తిప్పింది.

"'మా అత్తగారు వస్తున్నారు, స్నానాల గదికి లోపలి నుంచి పెట్టుకునేది కావాలి.' మా అమ్మ పోయి పదిహేనేళ్ళు. ఏ అత్తగారు వస్తున్నారు మీకు? ఎక్కడికి వస్తున్నారు?"

"అది ఆ కళ్ళజోడు కుర్రాడి అత్తగారే. గడియ కోసం వచ్చాడు."

"వాడి అత్తగారు మీ పుస్తకంలో ఎందుకుంది?"

"కౌంటర్ మీదికి వచ్చింది, రాశాను. మాట ఆగిన ప్రతిసారీ రాయమంది కదా ఆ పిల్ల."

పిన్ని కళ్ళజోడు తీసింది. తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. 

"ఊళ్ళోవాళ్ళ మతిమరుపంతా మీ నెత్తిన రాసుకుని, మూడు రోజులుగా నన్ను చంపుతున్నారా? లేవండి. లేచి పెన్సిల్ తీసుకోండి."

పెన్సిల్ దుకాణంలో ఉండిపోయింది. ఆవిడ వంటింట్లోంచి ఒకటి తెచ్చింది. ఇద్దరూ మంచం మీద కూర్చుని ఒక్కో పంక్తీ చదివి ఎవరిదో పక్కన రాశారు. ఆశ్చర్యం ఏమిటంటే బాబాయ్‌కి అన్నీ గుర్తున్నాయి. ఎవరు, ఏ రంగు చొక్కా, ఏం కారుతోంది, చివరికి ఏమిచ్చాడు. మతిమరుపు రోగి రెండువందల పద్నాలుగు మతిమరుపుల్ని ఒక్కటీ మరిచిపోకుండా అప్పజెప్పాడు. లెక్క తేలింది. కొనడానికి వచ్చినవాళ్ళవి నూట డెబ్భై నాలుగు, ఎక్కువమందికి నలభై దాటలేదు. అన్నకొడుకువి ముప్ఫై ఒకటి. బాబాయ్‌వి తొమ్మిది.

పిన్ని చెప్పులేసుకుని బాబాయ్‌ని వెంటబెట్టుకుని బయల్దేరింది. దారిలోంచి పరిశోధకురాలికి ఫోన్ చేసి దుకాణానికి రమ్మంది.

దుకాణం ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. అన్నకొడుకు కంప్యూటర్ ముందు చెమటలు కక్కుతున్నాడు.

"పేరు చెప్పండి సార్, పేరు చెబితే వెతుకుతాను."

"పేరు తెలిస్తే మీ దాకా ఎందుకొస్తానండీ? ఇలా ఉంటుంది, ఇక్కడ వంకర తిరుగుతుంది..."

పిన్ని తోసుకుని లోపలికి వెళ్ళి నోటుపుస్తకం కౌంటర్ మీద పరిచింది. 

"ఇదిగో నాయనా, నీవి ముప్ఫై ఒకటి. చదవనా? పదో తారీఖు పొద్దున తొమ్మిదిన్నరకి, 'ఆ పసుపు డబ్బాలోది, అదేంటది.' పదకొండింటికి, 'ఆ తిప్పేది, తిప్పేదాన్ని తిప్పేది...'"

"పిన్నీ, మెల్లగా! జనం ఉన్నారు."

"వాళ్ళవీ ఉన్నాయిలే. వరసలో వస్తాయి."

వరసలో నిలబడ్డవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆలోపు పరిశోధకురాలు రొప్పుకుంటూ వచ్చింది. పేజీలు తిప్పింది. పక్కన పిన్ని చేతిరాతలో ఉన్నవన్నీ చదివింది, ముఖం ఎర్రబడింది.

"ఎవరిదని నేను అడగనే లేదు," అంది. "అయ్యో. అసలు మీరు నివేదిక రెండో పేజీ చూశారా? అర్థాల పరీక్షలో అంకుల్‌కి వచ్చినన్ని మార్కులు మా విద్యార్థుల్లో ఒక్కరికీ రాలేదు."

రెండో పేజీ ఎవరూ తిప్పలేదు. అన్నకొడుకు ఇప్పుడు సొరుగులోంచి తీసి తిప్పాడు. కొన్నాళ్ళకి ప్రొఫెసర్ ఏం చేశాడంటే, సూచనలు పాటించలేదన్న కారణం చూపి బాబాయ్‌ని పరిశోధనలోంచి పూర్తిగా తొలగించాడు, రెండో పేజీతో సహా. పరిశోధకురాలు మాత్రం ఆ రోజే నోటుపుస్తకాన్ని ఫోన్లో ఫొటోలు తీసుకుని వెళ్ళింది.

"ఎక్కు బాబాయ్," అన్నాడు అన్నకొడుకు పక్కకి జరుగుతూ. "మాటంటే మాటే."

బాబాయ్ ఎక్కలేదు. కౌంటర్‌కి ఇటువైపు, కొనేవాళ్ళతో పాటు నిలబడి నోటుపుస్తకం తిప్పుతున్నాడు.

"తొమ్మిది నిజమేరా."

"మా అందరి ముందూ అదెంత?"

"నాకు ఎంతోనే. మడతబందు మళ్ళీ రెండుసార్లు. ఐదేళ్ళ క్రితం ఒక్కటి కూడా లేదు." ఆయన గొంతులో దిగులు లేదు, సరుకు చూసి చెబుతున్నట్టుంది. "ఒక పని చెయ్యి. ఇలాంటిదే ఇంకో పుస్తకం పెట్టు. ఎవరిదన్న గడి కూడా గియ్యి. నావి రెండు వారాలకి పద్దెనిమిది దాటిన రోజున నువ్వు నోరు విప్పక్కర్లేదు, పుస్తకం తెరిచి చూపించు. నేనే దిగుతాను. అందాకా నాకు ఫోన్లో వ్యాసాలు చదివి వినిపించకు."

"ఎవరు రాస్తారు?"

"నువ్వే రాయి. నావి నువ్వు, నీవి నేను."

 అది బేరం కాదని, అందులో తగ్గించుకునేది ఏమీ లేదని అన్నకొడుక్కి అర్థమైంది. స్కేలు తీసుకుని కొత్త పుస్తకంలో ఐదు గళ్ళు గీశాడు. బాబాయ్ అప్పుడు కౌంటర్ పక్క చిన్న తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి తన చోట నిలబడ్డాడు.

"ఆఁ, ఎక్కడ వంకర తిరుగుతుందన్నారు?" అని వరసలో మొదటాయన్ని అడిగాడు.

ఆ సాయంత్రానికి కొత్త పుస్తకంలో పద్నాలుగు పంక్తులయ్యాయి. ఒకటి బాబాయ్‌ది. అన్నకొడుకు గమనించలేదు, అటు తిరిగి సరుకు దింపించుకుంటున్నాడు. బాబాయే పుస్తకం దగ్గరికి లాక్కుని, ఐదో గడిలో తన పేరు మిగతావాటికంటే కాస్త పెద్ద అక్షరాలతో రాసి, ఎవరైనా చదవగలరా లేదా అని దూరంగా పెట్టి చూసుకున్నాడు.